ముప్ఫై లైఫులు

నింటెండో వాళ్ళు 2016 నవంబరులో అరచేతిలో ఇమిడే ఎన్.ఈ.ఎస్. క్లాసిక్ విడుదల చేశారు. లోపల 30 ఆటలు. మారియోలు మూడున్నాయి, కాంట్రా లేదు! దాని తర్వాతొచ్చిన సూపర్ సి ఉందిగానీ, ఆవకాయ అడిగితే మాగాయ పెట్టినట్టుంది.

తొంభైల్లో మన ఊళ్ళల్లో వీడియో గేమ్ అంటే గుర్తుందిగా.. డబ్బా నకలు, క్యాసెట్ నకలు. అట్ట మీద "9999 ఇన్ 1", లోపల తిప్పి తిప్పి అవే ఆటలు. ఆడకపోతే బయటికి తీసి ఉఫ్ అని ఊదడం. కాంట్రాలో ఇద్దరు ఆడుతుంటే, ఒకడి లైఫులు అయిపోతే రెండోవాడివి తీసుకోవచ్చు. మా అన్నయ్య అది జన్మహక్కు అనుకునేవాడు.

ఆ అన్నయ్య వచ్చేనెల సెంబవాంగ్ వస్తున్నాడు. నాన్న పోయాక ఇంటి వాటాల దగ్గర మాటా మాటా వచ్చింది. రెండేళ్ళుగా ఫోన్లో "ఆ, బానే ఉన్నాం, ఉంటా" తప్ప ఇంకో మాట లేదు.

అందుకే ఈ పెట్టె ఫర్మ్‌వేర్ మార్చాను. లోపలుండేది లినక్సే. 2017 జనవరిలో ఒక రష్యన్ ప్రోగ్రామర్ హక్చి2 అని రాశాడు. పెట్టె ఆపి, రీసెట్ బటన్ నొక్కిపట్టి పవర్ వెయ్యాలి. దీపం వెలగదు, కంగారు పడకండి. కేబుల్ డేటా వెళ్ళేదై ఉండాలి, ఒట్టి ఛార్జింగ్‌ది పనికిరాదు. ముందు అసలు కెర్నెల్‌ని కంప్యూటర్లో దాచుకుని, ఆ తర్వాతే కొత్తది ఎక్కించాలి. తేడా వస్తే పాతదానికి వెళ్ళిపోవచ్చు. బ్యాకప్ లేకుండా చెయ్యి పెట్టొద్దని క్లయింట్లకి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అన్నదమ్ముల మాటలకి ఆ సదుపాయం లేదు, ఏం చేస్తాం.

ఫర్మ్‌వేర్ సంగతి వేరు, ఆట సంగతి వేరు. కాంట్రా హక్కులు కొనామీవి. ఎవడో పెట్టిన ఫైల్ దింపుకోబుద్ధి కాలేదు. సెకండ్ హ్యాండ్‌లో అసలు క్యాసెట్ కొని, దాన్నుంచే చదివించి ఎక్కించాను. మొత్తం ఆట 128 కిలోబైట్లు! సెల్‌ఫోన్ ఫొటోలో పదోవంతు కూడా లేదు. మన వేసవి సెలవులన్నీ అందులోనే పట్టాయి.

పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. మొదట్లో ఇలా నొక్కితే ముప్ఫై లైఫులు. ఈ వరస నాకు నేర్పింది అన్నయ్యే. వేళ్ళు ఇంకా మర్చిపోలేదు.

రెండో కంట్రోలర్ కూడా తెప్పించాను. దాని వైరు మరీ పొట్టి, ఇద్దరం టీవీ ముందు నేలమీద భుజం భుజం తగిలేలా కూర్చోవాల్సిందే. వాటాల మాట ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు. ముందు ఆ జలపాతం లెవెల్ దాటాలి. లైఫులు అయిపోతే నావి తీసుకోమనండి, లెక్క అడగను.