30 లైఫులు, 4 బిళ్ళలు

"రిజర్వేషన్ అంటే చీట్ కోడ్" అని రాసిన స్టిక్కర్ ఒకటి ఈ మధ్య కాలేజీ పిల్లల ఫోన్లలో తిరుగుతోంది. కింద ఇంకో ముక్క: "వీళ్ళకి అన్‌లిమిటెడ్ లైఫులు." మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు అది చూపించి, "సార్, దీనికి ఏం చెప్పాలి?" అని అడిగాడు. వాడి గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. బొమ్మలో చొక్కా లేకుండా తుపాకీ పట్టుకుని పరిగెత్తే సైనికుడు. చూడగానే గుర్తుపట్టాను. కాంట్రా.

ఆ వారం రాత్రిళ్ళు కంప్యూటర్‌లో కాంట్రా మళ్ళీ ఆడాను. జవాబు ఆ ఆటలోనే ఉంది. ఆ స్టిక్కర్ చేసినవాడికి రిజర్వేషన్ సంగతి ఎలాగూ తెలియదు, ఆట సంగతి కూడా తెలిసినట్టు లేదు.

ఆడని తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం కాస్త చెప్తాను. కాంట్రాని జపాన్ కంపెనీ కొనామి 1987లో తెచ్చింది. ముందు నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ల మీద, మరుసటేడు ఇంట్లో టీవీకి తగిలించుకునే నింటెండో మీద. మన ఊళ్ళకి చేరినవి దాని నకలు మెషీన్లు, ఒక్కో క్యాసెట్‌లో బోలెడు ఆటలు. కాంట్రాలో ఇద్దరు సైనికులు ఎడమ నుంచి కుడికి కాల్చుకుంటూ పరిగెత్తాలి. తెర వాళ్ళతో ముందుకు జరుగుతుంది, వెనక్కి మాత్రం రాదు. మొత్తం 8 స్టేజీలు. చేతిలో 3 లైఫులు. ఒక్క తూటా తగిలితే ఒక లైఫు పోయినట్టే. దారిలో ఎస్ అక్షరం అందుకుంటే, ఒక్క నొక్కుకి ఐదు తూటాలు పోయే గన్ వస్తుంది. చచ్చామా, ఆ గన్ కూడా పోతుంది. మళ్ళీ మామూలు తుపాకీతో, అదే శత్రువుల మధ్య నిలబడాలి. అంటే ఒక చావు ఇంకో చావుని దగ్గరికి తెస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇక చీట్ కోడ్. మొదటి తెర మీద పై బాణం రెండుసార్లు, కింది బాణం రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. తర్వాత స్టార్ట్. 3 లైఫులకి బదులు 30 వస్తాయి. ఇది పుట్టింది కాంట్రాలో కాదు. కొనామిలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ 1986లో గ్రాడియస్ అనే ఆటని ఇంటి మెషీన్ కోసం తయారుచేస్తున్నాడు. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే తనే ఆడాలి. ఆడితే తనకే గెలవడం కష్టమైంది. అందుకని ఆయుధాలు ఒకేసారి చేతికొచ్చేలా తనకోసం ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. ఆట బజారుకి వెళ్ళినప్పుడు అది లోపలే ఉండిపోయింది. కాంట్రాకి వచ్చేసరికి 30 లైఫులైంది.

చూశారా, చీట్ కోడ్ గెలవలేని పేదవాడి కోసం ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. ఆటని తయారుచేసినవాడు తన సౌకర్యానికి పెట్టుకున్నది. తర్వాత అది పత్రికలు కొనేవాళ్ళకి, తెలిసిన అన్నలున్నవాళ్ళకి, నోటి నుంచి నోటికి చేరింది. 

మా ఊరి బస్టాండు వెనక ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. అరగంటకి రెండు రూపాయలు. పేట నుంచి నేనూ, మా చిన్నాన్న కొడుకూ వెళ్ళేవాళ్ళం. షాపాయన బంధువుల పిల్లలు ఆట మొదలుపెట్టే ముందు రిమోట్‌ని చొక్కా కిందకి దోపుకుని గబగబా ఏదో నొక్కేవాళ్ళు. మేం వెనక బల్ల మీద కూర్చుని చూసేవాళ్ళం. వాళ్ళు చివరి స్టేజీ దాకా పోయేవాళ్ళు. మాకు మూడోది దాటడమే పండగ. "మీ చేతులు పార పట్టడానికి పనికొస్తాయి గానీ రిమోట్‌కి పనికిరావురా" అనేవాడు వాళ్ళలో ఒకడు. ఆ మాటకి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఎందుకు ఉండేది కాదో ఇప్పుడు తెర చూస్తే అర్థమైంది. మిగిలిన లైఫులకి గుర్తుగా పైన చిన్న బిళ్ళలు కనిపిస్తాయి. మామూలుగా మొదలుపెడితే, ఆడుతున్న లైఫు కాక రెండు బిళ్ళలు. కోడ్ నొక్కి మొదలుపెడితే 29 కనిపించాలి కదా? నాలుగే కనిపిస్తాయి. ఆ తెర అంతకు మించి చూపించదు. ఒకసారి చచ్చినా నాలుగే, పదిసార్లు చచ్చినా నాలుగే. వెనక బల్ల మీద కూర్చున్నవాడికి వాళ్ళకీ మాకూ కనిపించే తేడా రెండంటే రెండు బిళ్ళలు. ఆ కాస్త తేడాతో వాళ్ళు ఆట మొత్తం గెలుస్తుంటే, అది టాలెంట్ కాక ఇంకేమిటని అనిపిస్తుంది.

మెరిట్ అనే మాట ఈ దేశంలో ఇలాగే బతుకుతోంది. ర్యాంకు, మార్కులు తెర మీది బిళ్ళలు. లెక్కకి రాని లైఫులు వేరే ఉన్నాయి. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి రెండో ఏడాది కూడా ఫీజు కట్టగల నాన్న ఒక లైఫు. హైదరాబాద్‌లో ఉండనిచ్చే పెద్దమ్మ ఇల్లు ఒక లైఫు, మన పిల్లలైతే "మీరేమిట్లు?" అనే ప్రశ్న దాటితేగానీ అద్దెకి గది దొరకదు. ఏదీ కుదరకపోతే చూసుకోవడానికి ఉన్న పొలం ఒకటి, మావయ్య కంపెనీ ఇంకొకటి. వాళ్ళ అబ్బాయి ఒకసారి తప్పితే "ఈ ఏడు కలిసిరాలేదు" అంటారు. మన అమ్మాయి తప్పితే స్కాలర్‌షిప్ ఆగుతుంది, హాస్టల్ పోతుంది, ఇంట్లో పెళ్ళి మాట మొదలవుతుంది. ఎస్ గన్ పోయినట్టే. తర్వాతిసారి వట్టి చేతులతో రావాలి, రాగలిగితే.

"అన్‌లిమిటెడ్ లైఫులు" అన్నవాడి మనసులో ఉన్నది సివిల్స్. అందులో దాచేదేమీ లేదు. జనరల్ వాళ్ళు 32 ఏళ్ళ దాకా 6 సార్లు, ఓబీసీలు 35 దాకా 9 సార్లు, ఎస్సీ ఎస్టీలు 37 దాకా ఎన్నిసార్లైనా రాయొచ్చు. కానీ రాసే ఛాన్సు వేరు, లైఫు వేరు. ఛాన్సంటే హాల్ టికెట్. లైఫంటే రెండు హాల్ టికెట్ల మధ్య ఏడాది పాటు తిండి, గది అద్దె, "ఇంక చాల్లే, ఏదో ఒక పనిలో చేరు" అనే ఫోన్ ఇంటి నుంచి రాకపోవడం. కూలికెళ్ళే ఇంటి బిడ్డకి నియమం ఎన్ని ఛాన్సులిచ్చినా, రెండోసారి రాసే తీరిక దొరకడమే గగనం.

ఇంకొక సంగతి. చీట్ కోడ్ ఆటతో ఇచ్చే పుస్తకంలో ఉండదు. రిజర్వేషన్ పుస్తకంలోనే ఉంది. ఉద్యోగాలకి 16(4) అధికరణం 1950లో రాజ్యాంగంతోనే అమల్లోకి వచ్చింది. చదువుల్లో సీట్లకి మద్రాసు చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు అడ్డం చెప్తే, 1951లో మొదటి సవరణతో 15(4) చేర్చారు. పార్లమెంటులో అందరి ముందూ వాదించుకుని, అచ్చువేసి పెట్టిన నియమం. దాన్ని అందుకోవాలంటే కుల సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కాలి, కౌంటర్ దగ్గర క్యూ అంతా వినేలా కులం చెప్పాలి. చొక్కా కింద దాచి నొక్కుకునే వీలు అందులో ఎక్కడుంది?

ఇక మూడో స్టేజీ గురించి. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సింది. అది జలపాతం. అక్కడ పరుగు పక్కకి కాకుండా పైకి ఉంటుంది. రాయి మీంచి రాయి మీదకి దూకుతూ ఎక్కాలి. ఇద్దరు ఆడుతుంటే, ముందు ఎక్కినవాడితో తెర పైకి జరిగిపోతుంది. కింద ఉన్నవాడి కాళ్ళ కింది రాయి తెరలోంచి మాయమై, వాడు చస్తాడు. శత్రువు ఒక్క తూటా కాల్చక్కర్లేదు. ఎక్కినవాడికి చెడ్డ ఉద్దేశమూ ఉండదు, వాడి కళ్ళు పైనున్న రాయి మీద ఉంటాయి. "ఆగరా, వస్తున్నా" అని చిన్నాన్న కొడుకు అరిచేవాడు. నేను ఆగేవాణ్ణి. నేను వెనకబడ్డప్పుడు వాడు ఆగేవాడు. కోడ్ లేని మాకు ఆ స్టేజీ దాటడానికి ఉన్న ఉపాయం అదొక్కటే.

1994లో మొదలైన దండోరా ఇన్నేళ్ళూ అరిచింది కూడా ఆ "ఆగరా" అనే మాటే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఎస్సీలను రాష్ట్రాలు వర్గీకరించవచ్చని చెప్పింది. దాన్ని మనల్ని విడగొట్టే కుట్ర అనేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ళతో గొడవ పడను. ముందు ఎక్కిన మనం ఒక్కసారి కిందకి చూడాలంటాను. మనం తెరని లాక్కుపోతే మిగిలేది ఒక్కడే. ఒక్కడితో చివరి బాస్ దగ్గరికి వెళ్ళడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుసు.

బయటివాళ్ళు మెరిట్ అన్నప్పుడు మాత్రం వాళ్ళ బిళ్ళలు లెక్కపెట్టి బెదిరిపోకండి. "ఇక్కడిదాకా రావడానికి ఎన్నిసార్లు ఓడిపోయావు? ఓడిన ప్రతిసారీ నిన్ను మళ్ళీ నిలబెట్టింది ఎవరి డబ్బు, ఎవరి ఇల్లు?" అని మర్యాదగా అడగండి. చెప్పేదాకా ఆగండి.

జై భీమ్.