పరవాడలో పాటల గది

గాజువాక దాటి జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు సాగిపోతుంటే, ఎడమచేతి పక్కన ఉక్కు కర్మాగారం చాలాసేపు మనతోబాటే ప్రయాణం చేస్తుంది. హమ్మయ్య, వెనకబడింది అనుకునేసరికి లంకెలపాలెం వస్తుంది. అక్కడ రహదారి విడిచి ఎడమకు తిరిగితే పరవాడ దారి. ఆ దారిలో లారీలే పెద్దమనుషులు. బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు వాటికి తప్పుకుని, నమస్కారం పెట్టినంత పని చేసి పోవాలి.

పరవాడ పొలిమేర చేరకముందే సింహాద్రి విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కళ్లబడతాయి. 2002లో మొదటి యూనిట్‌తో ప్రారంభమైన ఆ కేంద్రం నాలుగు యూనిట్లయి, 2,000 మెగావాట్ల స్థాయికి ఎదిగింది. 2021లో అక్కడి జలాశయం నీళ్ల మీద సౌరఫలకాలను తేలవేసి మరో 25 మెగావాట్లు కలిపారు. ఊరికి మరోపక్క మందుల కంపెనీలన్నీ ఒకచోట కొలువుదీరిన ఫార్మాసిటీ. ఇవన్నీ దాటి దక్షిణంగా పోతే ముత్యాలమ్మపాలెం సముద్రం. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాకు చేరింది. జిల్లా మారింది గాని యాస మారలేదు. వంగపండు ప్రసాదరావు పాట తెలుగునాట మూలమూలలకూ పాకడానికి బలమిచ్చిన ఉత్తరాంధ్ర పలుకుబడే ఇక్కడి టీకొట్టు దగ్గరా వినిపిస్తుంది.

ఇలాంటి ఊరికి నేను పాట కోసం బయలుదేరానంటే మిత్రులు నవ్వారు. వారిని తప్పు పట్టలేను. కరెంటు కోసం వెళ్లానన్నా, మందుల కోసం వెళ్లానన్నా నమ్మేవారే. కాని కొన్నాళ్ల కిందట నా సెల్‌ఫోనుకు వరినాట్ల పాట ఒకటి వచ్చింది. పాడింది ఎవరో పెద్దావిడ. వెనక వాయిద్యాల హోరు లేదు. సన్నగా హార్మోనియం శ్రుతి, నీళ్లలో అడుగులు పడుతున్నట్టు మెత్తని తాళం. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. హైదరాబాదులో ఏ పెద్ద స్టూడియో పనితనమో కాబోలుననుకున్నాను. తీరా వాకబు చేస్తే, అది పరవాడలో ఓ రెండు గదుల ఇంట్లో పడకగది అని తేలింది.

ఆ గదిని చూడవలసిందే. స్టూడియో అంటే మన మనసులో అద్దం వెనక ఇంజనీరు, తలుపు మీద ఎర్రదీపం మెదులుతాయి. ఇక్కడ గోడల నిండా బొంతలు వేలాడుతున్నాయి. మంచం మీది పరుపు లేచి కిటికీకి అడ్డంగా నిలబడింది. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మడతపెట్టిన చీరెలకు ఎదురుగా, వాటి బాగోగులు అడుగుతున్నట్టుగా ఒక మైకు. పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్, అగ్గిపెట్టెలు రెండు మూడు పేర్చినంత చిన్న పెట్టె ఒకటి. మైకు పట్టిన ధ్వనిని అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కు అందించేది అదే. సెకనుకు 44,100 సార్లు గొంతును కొలిచి రాసుకుంటుందట!

ఈ సరంజామాకు యజమాని ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం చేసే కుర్రవాడు. తండ్రి భజనలో హార్మోనియం వాయించేవాడట. ఆ పెట్టె ఇతనికి వచ్చింది. మిగిలిన విద్య అంతా ఇంటర్నెట్‌లో చూసి పట్టుకున్నాడు.

“ఈ బొంతలెందుకయ్యా?” అన్నాను.

“గొంతు గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది మాస్టారూ. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కదా. ఇంత చిన్నగదిలో పోయింది పోయినట్టే వచ్చేసి, అసలు మాటతో కలిసిపోతుంది. బొంత దాన్ని మింగేస్తుంది. చీరెలు ఇంకా బాగా మింగుతాయి.”

గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మగారు అందుకుంది. “మొన్న సంబంధమోలొచ్చి, ఇంట్లో నల్లులున్నాయా ఏటి, బొంతలిలాగ ఏలాడదీసినారూ అనడిగినారు బాబూ. ఈడికి సిగ్గు నేదు.”

కుర్రవాడు నవ్వేశాడు. పాడడం కష్టం కాదట, పాటకు కావలసిన మౌనం సంపాదించడమే కష్టమట. పగలంతా లారీలు. సాయంత్రం టీవీలు. రాత్రి పదకొండు దాటితే కుక్కలు. తెల్లవారుజామున రెండింటికీ నాలుగింటికీ మధ్య మాత్రం పరవాడ కాస్త నోరు మూస్తుంది. అప్పుడు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలతో నడుస్తుంది. వైరు సరిగా లేకపోతే ఆ గుంయిమనే రొద పాట అడుగున చేరి కూర్చుంటుంది. ఊరంతా దీపాలు వెలిగించే చోట కరెంటునే కాసేపు వద్దనుకుని పాట పట్టుకోవాలన్నమాట!

ఫ్రిజ్ మళ్లీ వేయడం మరచిపోతే పాలు విరిగిపోతాయి, ఇంట్లో యుద్ధం. అందుకని మోటారు సైకిలు తాళంచెవిని ఫ్రిజ్‌లో పెడతాడు. పొద్దున్న డ్యూటీకి పోవాలంటే దాన్ని తెరవక తప్పదు!

ఇంట్లో పాట పట్టడం ఈనాటి వింత అనుకునేరు. మన దేశంలో తొలి గ్రామఫోను పాటలు కూడా స్టూడియోలో పుట్టలేదు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర కలకత్తా హోటలు గదిలోనే యంత్రం పెట్టుకుని గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట ముగియగానే ఆవిడ, నా పేరు గౌహర్ జాన్ అని ఇంగ్లీషులో చెప్పేది. అది డాబు కాదు. ఆ పలకలను అచ్చువేసేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివారికి మన భాష రాదు. ఏ పలక ఎవరిదో తెలియాలంటే గొంతే చీటీ కావాలి.

ఆ తరువాత పాట గది విడిచి కంపెనీల చేతికి వెళ్లింది. గ్రామఫోను పలక మీద పేరు పడాలంటే మద్రాసు రైలెక్కవలసిన రోజులు వచ్చాయి. 1948లో విజయవాడలో, 1963లో విశాఖపట్నంలో రేడియో కేంద్రాలు వెలిశాక మన ప్రాంతపు గొంతులకు కాస్త దగ్గరలో మైకు దొరికింది. అయినా ఆడిషను గడప దాటాలి. నడుం వంచి నాటు వేస్తూ పాడే మనిషి ఆ గడప దాకా ఏం పోగలదు? క్యాసెట్లు వచ్చాక కొంత సడలింది. ఇప్పుడు మైకే వీధి చివరి ఇంటికి నడిచి వెళుతోంది.

ఆ నాట్ల పాట పాడిన పెద్దావిడను కూడా చూశాను. ఆ వీధి చివరే ఇల్లు. డెబ్బై దాటి ఉంటాయి. పాట పట్టిననాడు కుర్చీ వేసి కూర్చోమన్నారట. రెండు ముక్కలు పాడి ఆపేసింది.

“కూకుంటే రాదు బాబూ. నడుం వంగితేనే పాటొస్తాది. మడిలో పాడినదాన్ని గదా!”

మైకు స్టాండు అంత కిందికి దిగదు. వంటింట్లోంచి పీట తెచ్చి, దానిమీద మైకు పెట్టి, ఆవిడ వంగి నిలబడితే అప్పుడు పాట వచ్చింది. చేతులు నాటు వేస్తున్నట్టే ఆడాయట. నేను విన్న ఆ మెత్తని తాళం వాయిద్యం కాదు, ఆవిడ పాదాలు!

“ఎవరు నేర్పారమ్మా?” అన్నాను.

“మా అత్త పాడీది. ఆ యమ్మకి ఎవులు సెప్పినారో నాకేటి తెలుసు?”

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పాటను కుర్రవాడు మొదట తెలిసినవారికి పంపాడు. వారు మరొకరికి పంపారు. రెండు నెలలు తిరగకుండా దూరపు ఊరి ఛానెలు ఒకటి దానికి డప్పులూ కీబోర్డూ తగిలించి, రచన, సంగీతం తమవేనని పేరు వేసుకుంది. గొంతు మాత్రం ఈవిడదే. ఆవిడ పేరు ఎక్కడా లేదు. కుర్రవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వాళ్లమ్మ చెప్పింది.

“పాటకేటి బాబూ, గాలి నాటిది. ఎవులు పాడితే ఆలదే,” అన్నది పెద్దావిడ. కాసేపాగి, “అయితే, గొంతు నాదే గదా?” అన్నది.

ఆ ఒక్క ప్రశ్నలో చట్టం యావత్తూ ఉన్నది. తరతరాల నాట్ల పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా పాడుకోవచ్చు. కాని దాన్ని పాడిన మనిషికి వేరే హక్కు ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శన చేసినవారి హక్కును గుర్తించింది. ఇప్పుడది 50 ఏళ్లపాటు ఉంటుంది. 2012 సవరణ మరో మెట్టు ఎక్కి, ఈ ప్రదర్శన నాదేనని పేరు చెప్పించుకునే హక్కును కూడా ఇచ్చింది. ఈ సంగతులన్నీ పోగుచేసి కుర్రవాడు ఆ ఛానెలువారికి ఉత్తరాలు రాశాడు. వారు పాట తీసివేయలేదు. అడుగున చిన్న అక్షరాలతో ఆవిడ పేరు చేర్చారు. అంతవరకే.

అప్పటినుంచి అతను ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరి పాట పట్టినా ఆఖర్న వారిచేతనే పేరు, ఊరు చెప్పిస్తాడు. ఆ ముక్క కత్తిరిస్తే పాట కొస కూడా తెగిపోయేలా, చివరి శ్రుతి ఆగకముందే చెప్పిస్తాడు. గౌహర్ జాన్ ఉపాయమే పరవాడలో మళ్లీ పనికి వచ్చింది! పెద్దావిడ తన పేరు చెప్పేటప్పుడు ఇంటిపేరు దగ్గర కొంచెం తడబడి, పుట్టింటిదా, అత్తింటిదా అని అడగడం కూడా అందులో ఉంది. కుర్రవాడు దాన్ని తీసివేయలేదు. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. అది ఆవిడ నోట వినవలసిన మాట.

సంపాదన ఏమైనా ఉందా అని అడగకుండా ఉండలేకపోయాను, మధ్యతరగతి మనిషిని కదా! ఇంతవరకు వచ్చినదాంతో మైకు ఖరీదు కూడా తీరలేదట. పాటలు వినిపించే పెద్ద సంస్థల్లో స్పాటిఫై వంటిది 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లైనా వినబడని పాటకు పైకం లెక్క కట్టడం మానేసింది. పరవాడ నాట్ల పాటలు ఆ గీత దాటడం కష్టమే.

“మరెందుకయ్యా ఈ నిద్ర చెడగొట్టుకోవడం?”

అతను జవాబు చెప్పకుండా పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ తన ఫోను నా చేతికిచ్చి, అందులో వచ్చిన కబురు వినమన్నది. ఆవిడ మనవడు గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల పడవ మీద పనిచేస్తున్నాడు. ఉత్తరాంధ్ర తీరం నుంచి అక్కడికి వేటకు వెళ్లే కుర్రాళ్లు ఎందరో. పడవ యంత్రం చప్పుడు మధ్య అతని గొంతు వినిపించింది. “మామ్మా, పడవలో అందరం ఇన్నాం. ఆఖర్న నీ పేరు రాగానే ఈలేసినాం. ఇంకోటి పంపించమను.”

ఆవిడ దాన్ని నాకు రెండుసార్లు వినిపించింది. మూడోసారి తనకోసం విన్నది.

పరవాడ వెళ్లి చూడవలసిన గుళ్లూ గోపురాలూ ఏమీ చెప్పలేదని చదువరులు కోప్పడవచ్చు. సాయంత్రం ముత్యాలమ్మపాలెం ఒడ్డున కాసేపు కూర్చోండి, చాలు. ఇంటికి వచ్చాక చేయవలసిన పని మాత్రం ఒకటుంది. మీ ఇంట్లో మామ్మగారో అమ్మమ్మగారో ఉంటే, వారికి జోలపాటో, అప్పగింతల పాటో, దంపుడు పాటో వచ్చే ఉంటుంది. బొంతలు అక్కర్లేదు. ఫోను చాలు. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి. పాడడం పూర్తయ్యాక వెంటనే ఆపేయకండి. పేరు చెప్పమనండి. పుట్టింటి పేరా, అత్తింటి పేరా అని వారు అడిగితే, రెండూ చెప్పమనండి.