తోడేకొద్దీ నీళ్ళు

సంచికకు ఏదైనా రాసిమ్మని మా సంపాదక మిత్రుడు నెల రోజులుగా వెంటపడుతున్నాడు. కవిత్వం నాకు చేతకాదు. కథ రాయాలంటే అబద్ధాన్ని అందంగా చెప్పడం రావాలి, అదీ రాదు. అందుచేత కిందటి జూన్‌లో మా మామయ్య బోటులో జరిగిన సంగతి ఉన్నదున్నట్టు రాసి ఋణం తీర్చుకుంటున్నాను. ఇందులో నా ప్రతాపం ఏదో ఉంటుందని ఆశించే పాఠకులు ముందుగానే నిరాశ పడవలసిందిగా మనవి.

మధురవాడలో మా ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనబడదు, కొండలు అడ్డం. అయినా మా ఇంట్లో పొయ్యి వెలగడానికీ సముద్రానికీ చుట్టరికం ఉంది. నాన్న వేట మానుకొని ఆటో నడుపుతున్నాడు గాని, అమ్మ మాత్రం చేపలబుట్ట దించలేదు. ఆవిడ తమ్ముడు, అంటే మా మామయ్య, విశాఖ చేపలరేవులో ఒక పాత చెక్కబోటుకు సరంగు. సగం వాటాదారు కూడాను. ఇంజను పెట్టిన ఈ బోట్లను మా వాళ్ళు సోనా బోట్లంటారు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలకది గుడ్లు పెట్టే కాలం. బోట్లకు మాత్రం ఆస్పత్రి కాలం! గట్టు మీదికి లాగి, పుచ్చిన చెక్కలు మార్చి, సందుల్లో నూలు దట్టించి, పుట్టీ పెట్టి రంగులు వేస్తారు. మా బోటుకు ఆ ఏడు రెండు చెక్కలు మార్చవలసి వచ్చింది. ఆ ఖర్చు కోసం అమ్మ చేతిగాజులు తాకట్టు కొట్టుకు వెళ్ళాయి. నిషేధం ముగిసిన రాత్రే వేటకు పోకపోతే వడ్డీ గాజుల్ని మింగేస్తుంది.

పని చేసినవాడు రేవులో అందరూ ‘వడ్రంగి తాత’ అని పిలిచే ముసలాయన. చూపు కాస్త మందగించింది గాని, చెక్క మీద వేలితో కొట్టి, చప్పుడు విని పుచ్చు ఎక్కడుందో చెప్పగలడు.

జూన్ మొదటి వారంలో బోటును నీళ్ళలోకి దించారు. మొదటి రెండ్రోజులు అడుగున నీళ్ళు ఊరాయి. అందుకెవరూ కంగారు పడలేదు. రెండు నెలలు ఎండకెండిన చెక్క కుంచించుకుపోతుంది. నీట్లో పడ్డాక తాగి, ఉబ్బి, సందులు మూసుకుపోతాయి. అన్నట్టే మూడోనాటికి ఊట ఆగింది. మామయ్య డీజిలు నింపించాడు, తాగునీటి డ్రమ్ములు ఎక్కించాడు. మర్నాడు పొద్దున్న చూస్తే బోటు అడుగున మోకాలి లోతు నీళ్ళు!

పంపు వేసి తోడేశారు. గంటలో ఖాళీ అయింది. రెండు మూడు గంటలు తిరిగేసరికి మళ్ళీ అంతే. తోడడం, నిండడం. ఆ రాత్రంతా ఒకడు కాపలా కూర్చుని పంపు వేస్తూనే ఉన్నాడు.

రేవులో టీకొట్టు దగ్గర నలుగురి ముందూ మామయ్య వడ్రంగి తాతను పట్టుకున్నాడు. “నీ కళ్ళు పోనాయి తాతా! ఏటి పనది? బాకీ డబ్బులు ఒక్క పైసా ఇవ్వను” అన్నాడు. తాత మారు మాట్లాడలేదు. ఉలీ సుత్తీ సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఇంజనీరింగు చదువుతున్న మేనల్లుడు కదా, మామయ్య నా వంక చూసి “ఏటల్లుడూ?” అన్నాడు. కొత్త చెక్కలు వేశాకే నీరు వస్తోంది కాబట్టి కారణం కొత్త చెక్కలేనని నేనూ తలూపాను. ఆ తల ఊపినందుకు ఇవ్వాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఊపేసింది. 2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవులో నిప్పంటుకుని పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. గాలికి హోరుంది, నిప్పుకు వెలుగుంది. అడుగునుంచి వచ్చే నీటికి ఏ అలికిడీ లేదు. నడిసంద్రంలో వలలు లాగి అలసి పడుకున్న కళాసీలకు తెలిసేసరికి ఇంజను మునిగి ఉంటుంది. అది తలుచుకునే కాలేజీ ఎగ్గొట్టి నేను బోటెక్కాను.

మొదట వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాను. కళాసీలు నవ్వారు గాని, అది ఉత్తుత్తి పరీక్ష కాదు. చప్పగా ఉంటే వాననీరో, డ్రమ్ముల్లోంచి కారిందో. ఇది కటిక ఉప్పు. అంటే సముద్రమే లోపలికి వస్తోంది.

అడుగున చూడ్డానికి పంపు అడ్డంగా ఉందని దాన్ని గొట్టంతో సహా పైకి లాగి, పైన పడేశాం. తర్వాత నలుగురం బక్కెట్లతో తోడి, గుడ్డలతో పొడిగా తుడిచాం. అమ్మనడిగి తెచ్చిన ముగ్గుపిండి చెక్కల సందుల వెంబడి, ఇంజను షాఫ్టు బయటికి పోయే చోట, అడుగున కన్నం ఉన్న ప్రతి చోటా సన్నగా చల్లాను. నీరు ఎక్కణ్ణుంచి దిగినా పిండి మీద చార కనబడి తీరాలి. “సంకురాత్రి ముందే వచ్చీసినాది” అని ఒకడు వేళాకోళం.

రాత్రి టార్చిలైటు పట్టుకొని గంటగంటకూ చూశాను. షాఫ్టు దగ్గర ఎప్పుడో ఓ చుక్క తప్ప మరేం లేదు. కొత్త చెక్కల పక్క పిండి చెక్కుచెదరలేదు. తెల్లారింది. బోటు అడుగు మా ఇంటి అరుగులా పొడిగా ఉంది!

మామయ్య దేవుడికి దండం పెట్టాడు. చెక్క ఇప్పటికి తాగిందన్నాడు. పంపు మళ్ళీ దింపి, కడిగిన నీళ్ళు పోవడానికి కాసేపు నడిపాం. సాయంత్రానికి, మిత్రులారా, మళ్ళీ మోకాలి లోతు!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే రేవుకు వెళ్ళి, మామయ్యకు చెప్పకుండా తాత ఇల్లు వెతుక్కుంటూ పోయాను. చెక్కల పక్క పిండి తడవలేదని చెప్పాను. ఆయన మొహంలో గెలిచినట్టేమీ లేదు. వీధరుగు మీద చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

“ఆ రాత్రి నీరు రానేదు గదా. ఆ రోజు దేంతో తోడినారు బావూ?”

“బక్కెట్లతో తాతా.”

“మరి నిన్న?”

“పంపుతో.”

“అదే మరి. పంపు నీరు తోడతన్నాదో, పోస్తన్నాదో సూసుకోండి.”

నా ఒళ్ళు ఝల్లుమంది. చిన్నప్పుడు కిరసనాయిలు డ్రమ్ములో రబ్బరు గొట్టం పెట్టి ఒక్కసారి నోటితో పీల్చి వదిలితే, ఆపైన దానంతటదే కారేది కాదూ! పాఠంలో దాన్ని సైఫను అంటారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను.

పరిగెత్తి వెళ్ళి చూశాను. పంపు గొట్టం చివర బోటు పక్కన ఉన్న పాత కన్నం పుచ్చిపోయిందని, మామయ్యే ఈసారి జానెడు కిందగా కొత్త కన్నం పెట్టించాడు. ఖాళీ బోటుకు అది నీటి పైనే ఉంది. డీజిలూ డ్రమ్ములూ ఎక్కాక బోటు దిగింది, కన్నం నీటి కిందికి పోయింది. పంపు నడిచినంతసేపూ నీరు బయటికి పోయేది. కట్టేయగానే, నిండు గొట్టంలోంచి సముద్రం వెనక్కి నడిచి వచ్చేది. నేను పంపు పైకి లాగిన రోజున గొట్టంలోకి గాలి దూరి ఆ ధార తెగింది. అంటే వెతకడం మొదలుపెడుతూనే దొంగను నా చేతుల్తో నేనే దాటించాను!

తర్వాత లెక్క వేశాను. బయటి మట్టం ఒక్క అడుగు ఎత్తున ఉంటే అంగుళం కన్నంలోంచి నిమిషానికి 40 లీటర్ల పైమాటే వస్తుంది. గొట్టంలో రాపిడికి సగం పోయినా గంటకు వెయ్యి లీటర్లు దాటుతుంది. మామయ్య సోనా బోటుకైనా, కోటీశ్వరుడి విహారనౌకకైనా లెక్క ఒకటే.

వైద్యం మాత్రం చవక. తాతే వచ్చి కన్నం పైకి మార్చాడు. గొట్టాన్ని కప్పు దాకా ఎత్తి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి దూరేందుకు సన్నని బెజ్జం వేశాం. పంపు ఆగగానే గాలి దూరుతుంది, ధార తెగుతుంది. రెండు గజాల గొట్టం, నాలుగు క్లిప్పులు, అంతే.

మామయ్య బాకీ మొత్తం తాత చేతిలో పెట్టాడు. క్షమాపణ చెప్పడం మా వాళ్ళకు అలవాటు లేదు. కాని టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి, అదే నలుగురి ముందు, “తప్పు నాదే, తాత పని బంగారం” అన్నాడు. తాత నవ్వి, “టీ సల్లారిపోతంది, తాగు” అన్నాడు.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక కొబ్బరికాయ కొట్టి బోటు కదిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా దీపం దూరమయ్యేదాకా చూసి ఇంటికొచ్చాను. అమ్మ గాజులు దసరా ముందే చేతికొచ్చాయి. మొదటి వేటలో దొరికిన పెద్ద వంజరం తాత ఇంటికి వెళ్ళింది; మాకు చిన్నది.

సైఫను సూత్రం నాకు ముందే తెలుసు. తెలియనిదల్లా, ఎవరి మీదైనా నింద వేసే ముందు అడుగు పొడిగా తుడిచి చూడాలన్న సంగతి. అది ఏ సెమిస్టరులోనూ లేదు. వీధరుగు మీద చుట్ట కాలుస్తూ ఒక ముసలాయన రెండే ప్రశ్నల్లో చెప్పాడు.