కనిపించని సంధి

మోకాలి చిప్ప కింద వైద్యుడు చిన్న సుత్తితో తట్టగానే కాలు మన అనుమతి అడగకుండానే ముందుకు ఎగురుతుంది. దెబ్బ ఒకచోట, కదలిక మరొకచోట. నడుమ ఏ నాడి ఏ నాడితో ముడిపడి ఉన్నదో తెలుసుకొనడమెట్లా? ఆంగ్ల శరీరశాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ జీవితంలో చాలా భాగం ఈ ప్రశ్నకే వెచ్చించాడు.

నాడి వెంట సంకేతం ఎటైనా పోగలదు. ఇటువంటి అసంకల్పిత చర్యలో మాత్రం అది ఒక దిశలోనే పోతుంది. నాడి పొడవును బట్టి పట్టవలసిన కాలం కన్న ఎక్కువ కాలం తీసుకుంటుంది. కనుక కణానికీ కణానికీ నడుమ వార్తను కాస్త ఆపి, ఒక వైపుకే విడిచే కూడలి ఉండాలి. 1897లో దానికి పేరు కావలసివచ్చింది. కేంబ్రిడ్జి గ్రీకు పండితుడు వెరాల్ సూచించిన 'సినాప్స్' స్థిరపడింది. 1952లో షెరింగ్టన్ కన్నుమూసిన తరువాతనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అక్కడి ఎడాన్ని స్పష్టంగా చూపింది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు.

ఒక అనువాదంలో ఆ మాటను నేను 'నాడీసంధి' అన్నాను. కాని వ్యాకరణంలో సంధి జరిగితే రెండచ్చులు ఒకటవుతాయి. ఇక్కడ కణాలు కలవవు. సంధి లేనిచోట మన భాష నడుమ ఒక యకారాన్ని తెస్తుంది: మా, అమ్మ చేరి 'మాయమ్మ'. నాడీకణాల నడుమ రసాయనం చేసే పని దాదాపు అదే. నాడి తన వార్తను రసాయనం ద్వారా అందించగలదని 1921లో ఆటో లోవీ కప్పగుండెలపై నిరూపించాడు.

ఈ విద్య అవసరం మా ఇంటికీ వచ్చింది. తెలుగు పండితులైన మా నాన్నగారికి పక్షవాతంతో కుడివైపు చచ్చుబడి మాట పడిపోయింది. వైద్యుడు తాళంచెవి అంచుతో కుడి అరికాలు గీశారు. బొటనవేలు పైకి లేచింది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి దెబ్బతిన్నదన్నారు. తరువాత స్కానింగ్ కూడా అదే చెప్పింది. నాన్నగారికి ఏమైనా తెలుస్తున్నదా అన్న ప్రశ్న మాకు మిగిలింది. పిలిస్తే పలుకు లేదు, సైగ లేదు. బంధువులు ఆయన మంచం పక్కనే ఆస్తి పంపకాలు మాట్లాడసాగారు.

ఒకనాడు ఆయనకిష్టమైన పోతన పద్యం చదివాను. మరునాడు కావాలనే యతి తప్పించి చదివాను. నుదురు ముడిపడింది. సరిచేసి చదివితే విప్పారింది. మూడు రోజులు మార్చి మార్చి చదివినా అంతే. చెవి నుంచి పద్యం దాకా దారి తెరిచే ఉన్నది. నోటికి వచ్చే దారే తెగింది. ఆ రోజు నుంచి ఆ గదిలో పంపకాల మాట ఎవరూ ఎత్తలేదు.

కదలిక కనబడితే దారి ఉన్నదని చెప్పవచ్చు. కనబడనంత మాత్రాన దారి లేదని చెప్పరాదు. మనం ఇంకా సరైన చోట తట్టి ఉండకపోవచ్చు.