బంధువులు వస్తున్నారు

గత రజబ్ మాసం మొదటి వారంలో మా ఇంటి యజమాని కుమారుడు వచ్చాడు. ఇంటిని అపార్ట్‌మెంటు కట్టేందుకు బిల్డరుకు అప్పగిస్తున్నామని, రమజాన్ లోపు ఖాళీ చేయవలసి ఉంటుందని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. సైదాబాదులోని ఆ ఇంట్లో మేము 11 ఏళ్ళు ఉన్నాము. మా చిన్నమ్మాయి అక్షరాలు దిద్దింది అక్కడే. మా అమ్మగారి జనాజా లేచింది ఆ వాకిలి నుంచే. అయినా ఇల్లు వారిది, అడిగే హక్కు వారికి ఉంది. ఇంటిని ప్రశాంతత దొరికే చోటుగా అల్లాహ్ చేశాడని దివ్య ఖుర్ఆన్ మనకు గుర్తు చేస్తుంది. అద్దెకు ఉండేవారికి ఆ ప్రశాంతత ఒప్పందం గడువు దాకానే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికినవారు కాకపోవచ్చు.

మా లెక్క చిన్నది. మదర్సాలో నెలకు 18 వేలు వస్తాయి. సాయంత్రాలు పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పితే మరో 5 వేలు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర మందుల దుకాణంలో పనిచేసే మా పెద్దవాడు ఇంటికి 7 వేలు ఇస్తాడు. మొత్తం 30 వేలు. అందులో మూడో వంతుకు మించి అద్దెకు పోతే బియ్యం, ఫీజులు, మందులలో ఏదో ఒకదానికి కోత పడక తప్పదు. మదర్సా సరూర్‌నగర్ వైపు, అబ్బాయి పని ఎల్‌బీ నగర్‌లో. కనుక దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ మధ్య, 10 వేలకు లోబడి, రెండు పడక గదుల ఇల్లు కావాలని నిర్ణయించుకున్నాము.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవారికి ఎల్‌బీ నగరే హైదరాబాదు గుమ్మం. ఊరి నుంచి వచ్చినవారు బస్సు దిగిన చోటికి దగ్గరలోనే ఇల్లు చూసుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు వచ్చే విద్యార్థుల కోసం ఇళ్ళకు ఇళ్ళే హాస్టళ్ళయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. అప్పటి నుంచి స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరానికి కూడా ఒక వెల వచ్చింది. చైతన్యపురి స్టేషను దగ్గర మాకు 16 వేలు చెప్పిన ఇల్లే, రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే 11 వేలకు దొరికేలా ఉంది. చవకకు కూడా ఒక కారణం ఉంటుందని త్వరలోనే తెలుసుకున్నాము. కోదండరాం నగర్‌లో గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు 8 వేలకే ఇస్తామన్నారు. 2020 అక్టోబరు వానలకు ఆ ప్రాంతంలోని ఇళ్ళలోకి నీరు చేరిన సంగతి మా ఇంటివారికి గుర్తుంది. బీరువా వెనుక గోడ చూపించమని అడిగారు. కొత్త రంగు కింద సున్నం ఉబ్బి ఉంది.

ఇల్లు వెతికే సోదరులకు పనికివస్తుందని ఇంకొంత చెబుతాము. అద్దె ఎంత అని అడిగితే సరిపోదు. కరెంటు మీటరు మీ వాటాకు వేరుగా ఉందా, లేక యజమాని తనకు తోచిన యూనిట్ ధర వేస్తారా అడగండి. కృష్ణా నీళ్ళు వారానికి ఎన్ని రోజులు వస్తాయో, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిదో అడగండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులో ఎంత కోస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం 11 నెలలకే ఎందుకని చాలామందికి సందేహం. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పక రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండా 11 నెలలతో సరిపెడతారు.

ఇక అసలు సంగతి. మేము సూర్యాపేట ప్రభుత్వ పాఠశాలలో 7వ తరగతి దాకా తెలుగులో చదివి, ఆ తరువాతే మదర్సాలో చేరాము. అందుచేత ఫోనులో మా మాట విన్నవారికి మేమెవరమో తెలియదు. “ఉపాధ్యాయులమండీ, నలుగురమే ఉంటాము” అంటే, “అంతకంటే ఏం కావాలి, రండి గురువుగారూ” అన్నారు ఒక యజమాని. గేటు దగ్గరకు వచ్చి మా టోపీని, గడ్డాన్ని, పక్కన బురఖాలో ఉన్న మా ఇంటివారిని చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు, ఇబ్బంది ఉంది. “అయ్యో, ఇందాకే ఫోను వచ్చింది. మా బంధువులు వస్తున్నారట. వాళ్ళకే ఇవ్వాలి” అన్నారు. మూడు వారాల తరువాత అదే వీధిలో నడిచాము. టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతోంది.

మేము చూసినవి మొత్తం 14 ఇళ్ళు. అయిదు మా స్తోమతకు మించినవి. రెండింటికి నీటి సౌకర్యం లేదు. మిగిలిన ఏడు ఇళ్ళకూ బంధువులు వచ్చారు. కొన్ని గేట్ల మీద ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అని రాసి ఉంటుంది. అది చదివితే మనసు నొచ్చుకుంటుంది గాని, అందులో అబద్ధమైనా లేదు, మన నడక మిగులుతుంది.

ఏడో ఇంటి నుంచి తిరిగి వస్తూ కొత్తపేటలో ఒక టీ బండి దగ్గర ఆగాము. ఆ రోజు మేము చాలా మాటలే అన్నాము. దేశం గురించి, మనుషుల గురించి, కాలం గురించి. మా ఇంటివారు అంతా విని, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నారు: “ఏమండీ, ఈ బంధువులు మొదట మన ఇంటికే వచ్చారు కదా.”

మాకు వెంటనే అర్థమైంది. ఆ తరువాత టీ గొంతు దిగలేదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. సూర్యాపేటలో మా నాన్నగారి ఇంటి వెనుక రెండు గదులు ఖాళీ అయ్యాయి. ఒక సాయంత్రం మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పనిచేసే వ్యక్తి ఒకరు భార్యతో వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. మూడు నెలల అద్దె ముందుగా ఇస్తామని, రుమాలులో కట్టిన డబ్బు చూపించారు. గడప ఎక్కలేదు. అమ్మ ఏమీ అనలేదు. వీధిలో పదిమంది ఏమనుకుంటారోనని మేమే అన్నాము, “మా బంధువులు వస్తున్నారు” అని. ఆయన “సరే సాబ్” అని, ఆ డబ్బు మళ్ళీ రుమాలులో కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ గదులు నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాయి. ఏ బంధువూ రాలేదు. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదన్న అంతిమ హజ్ ప్రసంగ పాఠాన్ని ఆ రోజుల్లోనే మేము పిల్లలకు చెబుతున్నాము. పాఠం బాగా చెప్పామని పేరు కూడా వచ్చింది.

మాకు జరిగినది అన్యాయం కాదని చెప్పడం మా ఉద్దేశం కాదు. నచ్చిన ప్రాంతంలో ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం ముస్లిములకు కష్టమవుతున్నదని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. మన రాజ్యాంగంలోని 15వ అధికరణ రెండో భాగం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లను పేర్కొని, వాటి వద్ద మతం, కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటుంది. అది కూడా రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అమెరికాలో జాతి, మతం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని 1968లోనే చట్టం నిషేధించింది. అటువంటి రక్షణ ఇక్కడా ఉండాలని కోరడం న్యాయమే.

అయితే కోరేవారి చేతులు శుభ్రంగా ఉండాలి. మన మొహల్లాలలో మనవారికే ఇళ్ళు ఉన్నాయి. బిహారు నుంచి వచ్చిన కూలీ అడిగితే, నలుగురు ఆడపిల్లలున్న వితంతువు అడిగితే, మన గేట్ల దగ్గర ఎవరు ప్రత్యక్షమవుతున్నారు? ఆ బంధువులే కదా!

చివరికి కర్మన్‌ఘాట్ వైపు మాకు ఇల్లు దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఇంటివారి మోకాళ్ళకు 54 మెట్లు. మా స్తోమతకు దొరికే ఇంటికి ఆ మెట్లు కూడా అద్దెలో భాగమే. అద్దె 9,500, నీళ్ళకు 300. యజమాని ఆర్టీసీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవారు, రెండో అంతస్తులో ఉంటారు. మా టోపీ చూసి ఆయనా ఒక క్షణం ఆగారు. కాని అబద్ధమాడలేదు, ప్రశ్న అడిగారు.

“ఇంట్లో మాంసం వండుతారా?”

“వండుతామండీ.”

“మేమూ వండుతాం. చెత్త మాత్రం కవర్లో కట్టి బండికే ఇవ్వాలి. బక్రీదుకు?”

“మదర్సాలోనే చేస్తాము. మేడ మీద చేయము.”

“మంచిది. అద్దె 5వ తేదీ దాటకూడదు.”

అంతే. మనసులో ఉన్నది అడిగేస్తే రెండు నిమిషాల మాట.

దైవప్రవక్త (సఅసం) మదీనాకు వలస వచ్చినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట దిగారు. తన కోసం వచ్చిపోయేవారికి వీలుగా ఉంటుందని కింది భాగంలోనే ఉన్నారు. పైన ఉన్న అబూ అయ్యూబ్ దంపతులకు ఒక రోజు నీళ్ళ కుండ పగిలింది. కిందికి చుక్క పడుతుందేమోనని తమకున్న ఒక్క కంబళితో ఆ నీటిని ఒత్తారు. ఈ వృత్తాంతాన్ని మేము ఎన్నోసార్లు బోధించాము. కింది ఇంటివారి కప్పు మన నేల అన్న సంగతి మూడో అంతస్తుకు వచ్చాకే తెలిసింది. యజమాని తల్లి పక్షవాతంతో మా కింది గదిలోనే పడుకుని ఉంటారు. రమజాన్‌లో సహ్రీ వేళ మా ఇంటివారు చపాతీ పీట కింద గోనె సంచి మడిచి పెట్టేవారు. పదో రోజున యజమాని మెట్ల మీద ఎదురై, “మీరు లేస్తున్నట్టే లేదే, ఉపవాసాలు ఉంటున్నారా?” అని అడిగారు.

ఈద్ తరువాత సూర్యాపేట వెళ్ళాము. ఆ పారిశుద్ధ్య కార్మికుని గురించి విచారించాము. పేరు సగమే గుర్తుంది, అప్పటివారు ఎవరూ పనిలో లేరు. జాడ తెలియలేదు. అల్లాహ్ పట్ల మనం చేసిన లోపాన్ని ఆయన తన కారుణ్యంతో మన్నించవచ్చు. సాటి మనిషి హక్కును మాత్రం ఆ మనిషే మన్నించాలి. మా అప్పు అలాగే ఉంది.

వెనుక గదులు ఇప్పుడు మా తమ్ముని అధీనంలో ఉన్నాయి. మొదట వచ్చి అడిగినవారికి ఇవ్వమని, పేరు తరువాత అడగమని చెప్పి వచ్చాము. పాఠకులలో ఇల్లు ఉన్నవారు ఎందరో ఉంటారు. మీ వాటా ఖాళీ అయి ఎవరైనా గేటు తట్టినప్పుడు, ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇవ్వలేకపోతే నిజం చెప్పండి. రాని బంధువులను మాత్రం పిలవకండి. అల్లాహ్ మన ఇళ్ళను విశాలం చేయుగాక, వాటికంటే ముందు మన గడపలను. ఆమీన్.