సున్నా జాగా

మా అబ్బా అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. 30 ఏళ్లుగా ఖాతా పుస్తకమే ఆయన దునియా. నజర్ మసకబారాక నేనే డబ్ల్యూపీఎఫ్‌లో ఓ చిన్న హిసాబ్ ప్రోగ్రాం చేసిచ్చాను. రైతు పేరు, దిమ్మలు, తూకం, సొమ్ము. అంతే.

తెరను గడులుగా విడగొట్టడానికి జామల్‌లో గ్రిడ్ ఉంది. కాలమ్ డెఫినిషన్స్‌లో నిలువు వరసలు, రో డెఫినిషన్స్‌లో అడ్డు వరసలు ముందే చెప్పాలి. తర్వాత ఒక్కోదానికీ నీ జాగా ఫలానా అని గ్రిడ్.రో, గ్రిడ్.కాలమ్ రాయాలి. లెక్క సున్నా నుంచి మొదలు. రాయడం మరిస్తే అన్నీ సున్నా గడిలోనే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

వెడల్పు చెప్పే తరీకాలు మూడు. అంకె వేస్తే అంతే, పెరగదు తరగదు. ఆటో అంటే లోపలున్నదానికి ఎంత కావాలో అంత. నక్షత్రం గుర్తు అంటే ఆ రెండూ తీసుకోగా మిగిలిన జాగాలో హిస్సా. 2 వేసి నక్షత్రం పెడితే రెండు హిస్సాలు.

నేను సొమ్ము కాలమ్‌కి 60 అని రాశాను. వారం తర్వాత అబ్బా, "బేటా, అక్షరాలు ఆనట్లేదు, కాస్త పెద్దవి చెయ్" అన్నారు. 14 సైజును 28 చేశాను. కాలమ్‌ని ముట్టుకోలేదు.

మర్నాడు 12450 ఉండాల్సిన చోట 1245 కనిపించింది. చివరి సున్నా గడి అంచున తెగిపోయింది. ఎర్రర్ ఏదీ రాదు. నా మీది భరోసాతో అబ్బా కనిపించిందే చీటీ మీద రాసిచ్చారు. రైతు చీటీ చూసి, "సాయిబు గారూ, నా సున్నా ఏటైపోనాది?" అన్నాడట. దుకాణమంతా నవ్వింది. హిసాబ్‌లో ఇన్నేళ్లూ పైసా గల్తీ లేకుండా నిలబెట్టుకున్న ఇజ్జత్ ఆయనది.

ఇంటికొచ్చి నన్నేమీ అనలేదు. అన్నం ముందు కూర్చుని, "నా కళ్లు పూర్తిగా పోయినట్టున్నాయి బేటా" అన్నారు. తిట్టినా అంత షర్మ్ అనిపించేది కాదు.

ఆ రాత్రే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని 60 తీసేసి ఆటో రాశాను. పేరుకి నక్షత్రం ఇచ్చాను. పేరు పొడవైతే కింది వరసకు మడతపడుతుంది, సొమ్ములో మాత్రం అంకె తెగదు. సున్నా బయటికొచ్చింది. అబ్బా దాన్ని వేలితో తాకి, "అయితే నా కళ్లు బాగానే ఉన్నాయి" అన్నారు.

పొద్దున్నే ఆయన వెంట దుకాణానికెళ్లి అందరి ముందూ చెప్పాను, గల్తీ నాదని.