అర్థం తెలిసిన ప్రార్థన

బోధన్ పొలాల నడుమ మన ఇళ్ళు పదికి మించని పల్లెలున్నాయి. సముద్రం లేకున్నా అవి ద్వీపాలే. అక్కడి దూదేకుల కుటుంబాలలో ఇంటి మాట తెలుగు.

ఒక వేసవిలో ధార్మిక తరగతుల కోసం నిజామాబాద్ నుండి అలాంటి పల్లెకు వెళ్ళాము. తొమ్మిదేళ్ళ బాలుడొకడు ఫాతిహా సూరాను తప్పు లేకుండా పఠించాడు. ఇందులో మనం అల్లాహ్‌ను ఏమి వేడుకుంటున్నామని ఉర్దూలో అడిగాము. తల వంచుకున్నాడు. అశ్రద్ధ అనుకొని మందలించాము.

గుమ్మం వద్ద కూర్చున్న వాడి నానమ్మ, "తెలుగులో అడగండి మౌల్వీ సాబ్" అన్నది. అడిగాము. వాడు ఆశ్చర్యపోయి, "ఇందులో మనం అడుగుతున్నామా సాబ్?" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రోజూ వేడుకుంటున్నా, తాను వేడుకుంటున్నట్లే ఆ పసివాడికి తెలియదు. తప్పు మాది. ప్రతి ప్రవక్తనూ తన జాతి భాషతోనే పంపినట్లు దివ్య ఖుర్ఆన్ (14:4) తెలుపుతున్నది. ఆ ఆయత్‌ను ఎన్నోసార్లు బోధించాము, ఆచరించలేదు. కేరళ, లక్షద్వీప్‌లలోని పెద్దలు మలయాళాన్ని అరబ్బీ లిపిలో రాసి పిల్లలకు ధర్మం నేర్పారు. మేము తెలుగు లిపి సిద్ధంగా ఉండి కూడా నేర్పలేదు.

మరునాడు పిల్లలకు కాలువ గట్టు చూపి, "చీకటిలో అడుగు తప్పితే?" అన్నాము. "నీళ్ళలో పడతాం" అన్నారు. "అలా తప్పిపోకుండా సన్మార్గాన నడిపించమనే ఫాతిహాలో వేడుకుంటున్నాము" అన్నాము. సాయంత్రం నమాజు తరువాత ఆ బాలుడు మళ్ళీ పఠించాడు. ఆ వాక్యం వద్ద వాడి గొంతు నెమ్మదించింది.

తల్లిదండ్రులారా! పఠనం అరబ్బీలోనే సాగాలి. అర్థాన్ని మాత్రం రాత్రికొక వాక్యం చొప్పున ఇంటి భాషలో చెప్పండి. అల్లాహ్ మన పిల్లలకు గ్రహింపు ప్రసాదించుగాక! ఆమీన్.